బేగంపేట నుంచి ఎగిరిన ప్రేమ్ మాథుర్

మన ఎల్.బి.నగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్ అని, అది మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరని నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు. మెట్రో స్టేషను బోర్డు మీద కూడా ఆ రెండు పొడి అక్షరాలే మిగిలాయి. ఆ శాస్త్రి గారు ప్రయాణికుడుగా కూర్చున్న విమానాన్ని నడిపిన వారిలో ఒక మహిళ ఉన్నారు. ఆమె విమాన సంస్థలో ఉద్యోగం మొదలుపెట్టింది మరెక్కడో కాదు, మన బేగంపేటలోనే. ఆమె పేరు ప్రేమ్ మాథుర్. భారతదేశంలో ప్రయాణికుల విమానం నడపడానికి ఉద్యోగంలో చేరిన మొదటి స్త్రీగా ఆమెను చరిత్రకారులు పేర్కొంటారు. ఆమె తెలుగు మహిళ కాదు, అలహాబాదులో విమానం నడపడం నేర్చుకున్నారు. అయినా దేశంలోని విమాన కంపెనీలు వరుసగా ముఖం మీద తలుపు వేస్తే, చివరకు ఆమెకు ఆర్డరు ఇచ్చి పిలిచింది హైదరాబాదు కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్. మనం గర్వపడదగిన విషయం ఇది. ఆ తరువాత అదే కంపెనీ ఆమె పట్ల వ్యవహరించిన తీరు మాత్రం గర్వపడదగినది కాదు. రెండూ చెప్పుకోవడం న్యాయం.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం వారు అడిగినప్పుడు నాకు ఈ సంగతి తోచడానికి కారణం ఉంది. ప్రేమ్ మాథుర్ గురించి పత్రికల్లో వచ్చినవన్నీ ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటాయి. సర్వీసు రూల్సు మధ్య ముప్ఫై ఐదేళ్లు గడిపిన మనలాంటివాళ్లం ఆ కథను చదివితే మరొకటి కనిపిస్తుంది. అది అర్హత ఉండి, గంటలు పూర్తయి, పనిలో వంక లేకుండా కూడా ప్రమోషన్ రాని ఒక ఉద్యోగి కథ.

రైలు శాఖ వారి విమానాలు

ముందు కంపెనీ సంగతి చెప్పాలి. నిజాం కాలపు హైదరాబాదులో రవాణా అంటే రైల్వేయే. 1930లో రాష్ట్ర ప్రభుత్వం రైల్వేను స్వాధీనం చేసుకుంది. 1932లో అదే రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి అదే పుట్టుక. బస్సు నంబరులో కనిపించే 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పెద్దలు చెప్పే మాట దిల్‌సుఖ్‌నగర్ డిపోలో పనిచేసిన మన మిత్రులకు కొత్త కాదు. పట్టాల మీద, రోడ్డు మీద తిరిగిన ఆ శాఖే 1945లో ఆకాశానికి కూడా చేయి చాచింది. టాటా సంస్థతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్ ఏర్పడింది. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే పెద్ద కుటుంబంలో ఉన్న రాజ్యాలు అప్పట్లో ప్రపంచంలోనే అరుదు.

బేగంపేటలో విమానాల సందడి అంతకు ముందే ఉంది. 1930లలో బాబర్ మీర్జా అనే ఆయన పూనికతో హైదరాబాదు ఏరో క్లబ్ ఏర్పడింది. కొత్త కంపెనీకి ఆ మైదానమే కేంద్రమైంది. కంపెనీ విమానాలు డాకోటాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్ర సైన్యాలు సరుకులకూ సిపాయిలకూ వేల సంఖ్యలో వాడిన రకం అది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డాకోటాలు మన దేశంలో చవకగా అమ్ముడుపోయాయి. పాత లారీలు కొని ట్రాన్స్‌పోర్టు కంపెనీ పెట్టినట్టుగా, డాకోటాలు కొని విమాన కంపెనీలు పెట్టిన రోజులవి. లైసెన్సులు కూడా ధారాళంగా ఇచ్చారు. ఉన్న ప్రయాణికులకంటే కంపెనీలు ఎక్కువైపోయాయని 1950లో రాజాధ్యక్ష కమిటీ తేల్చి చెప్పవలసి వచ్చింది.

డాకోటాను చూడని వారి కోసం నాలుగు మాటలు. దాని అసలు పేరు డగ్లస్ డి.సి.3. మొదట ఎగిరింది 1935 డిసెంబరు 17న. రెక్కకు ఒకటి చొప్పున రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు 1,200 అశ్వశక్తి. ఎక్కేది పాతిక మంది ప్రయాణికులు, అటూ ఇటూ. నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి, తోక కిందికి ఉండేది. అందుచేత లోపలికి అడుగుపెట్టిన ప్రయాణికుడు సీటు దాకా గుట్ట ఎక్కినట్టు ఎక్కాలి. లోపల గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు లేదు. అందువల్ల మరీ ఎత్తుకు పోవడానికి వీలులేక మబ్బుల్లోనే కుదుపులు తింటూ పోవాలి. వర్షాకాలంలో దక్కను మీద ఆ ప్రయాణం ఎలా ఉండేదో ఊహించుకోండి. ఎదురుగా ఉన్న మబ్బులో ఏముందో చెప్పే రాడార్ ఆ విమానాల్లో లేదు. పైలట్ చేతికీ రెక్కల చివర కదిలే పలకలకూ మధ్య ఉన్నవి ఉక్కు తీగలే. నేటి కార్లలో స్టీరింగ్ తేలికగా తిరగడానికి ఉన్న సాయం కూడా అందులో ఉండేది కాదు. గాలివాటం తేడా వస్తే భుజాలు నొప్పి పుట్టేలా పట్టుకోవాలి. 'ఆడవాళ్ల చేత అవుతుందా' అన్న ప్రశ్న అందుకే తరచు వినిపించేది. అలహాబాదులో పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చినవారికి మాత్రం ఆ సందేహం రాలేదు.

ఎనిమిది చోట్ల కాదన్నారు

ప్రేమ్ మాథుర్ అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షణ పొంది 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే ఆమెకూ లైసెన్సు వచ్చింది.

ఆమెకు ముందు మన దేశంలో విమానం నడిపిన స్త్రీలు లేకపోలేదు. 1932లోనే ఊర్మిళా పారిఖ్ లైసెన్సు తీసుకున్నారు. 1936లో లాహోరులో సరళా థక్రాల్ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువతి చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం ఒంటరిగా నడిపారు. అప్పటికే ఆమె ఒక పాపకు తల్లి. వెయ్యి గంటలు ఎగిరి, వ్యాపార విమానాలు నడిపే పై లైసెన్సు కోసం సిద్ధపడుతుండగా 1939లో విమాన ప్రమాదంలో భర్త పోయారు. వెంటనే యుద్ధం వచ్చి పౌర శిక్షణ ఆగిపోయింది. ఆమె చిత్రకళ నేర్చుకుని మరో వృత్తిలో స్థిరపడ్డారు. అంటే, సరదాకో సాహసానికో స్త్రీ విమానం నడిపితే పత్రికలు ఫొటో వేసేవి, జనం మెచ్చుకునేవారు. నెల జీతానికి, టికెట్టు కొన్న ప్రయాణికులను ఎక్కించుకుని నడుపుతానంటేనే చిక్కు వచ్చింది.

ప్రేమ్ మాథుర్ లైసెన్సు చేత పట్టుకుని దరఖాస్తులు పెట్టారు. ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆమెకు ఎగరడం రాదని ఎవరూ అనలేదు. పైలట్ ఆడమనిషి అని తెలిస్తే ప్రయాణికులు భయపడి ఎక్కరని వారి బెంగ. ఈ కారణం వింటే నవ్వు వస్తుంది గాని, దాని లోపలి తెలివి గమనించాలి. అభ్యంతరం తమది కాదట, ఎవరో ప్రయాణికుడిదట! ఆ ప్రయాణికుణ్ని ఎవరూ అడిగింది లేదు. మన ఆఫీసుల్లో కూడా 'నాకేమీ అభ్యంతరం లేదండీ, పైవాళ్లు ఒప్పుకోరు' అన్న మాట ఎన్ని ఫైళ్లను తొక్కిపెట్టిందో మనకు తెలుసు.

డెక్కన్ ఎయిర్‌వేస్ వారు ఇంటర్వ్యూకు పిలిచి, మాట్లాడి, కో-పైలట్‌గా తీసుకున్నారు. ఈ ఒక్క నిర్ణయానికి ఉన్న విలువ బయటి దేశాలతో పోల్చి చూస్తే గాని అర్థం కాదు. అమెరికాలో 1934 చివర హెలెన్ రిచీ అనే ఆమెను సెంట్రల్ ఎయిర్‌లైన్స్ పైలట్‌గా నియమించింది. పైలట్ల యూనియన్ ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగాలేని రోజున ఆమెను ఎక్కించవద్దని ప్రభుత్వ శాఖ సూచించింది. ఏడాది తిరగకుండానే ఆమె రాజీనామా చేశారు. ఆ తరువాత అమెరికా పెద్ద విమాన సంస్థల్లో మళ్లీ ఒక స్త్రీ పైలట్‌గా చేరడానికి 1973 దాకా పట్టింది. ఆమె ఫ్రాంటియర్ సంస్థలో చేరిన ఎమిలీ హోవెల్ వార్నర్. స్కాండినేవియా దేశాల సంస్థలో తురీ విడెరో పైలట్ కావడం 1969 నాటి మాట. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన మొదటి మహిళా పైలట్‌ను చేర్చుకుంది 1987లో. నాగరికతలో మనకంటే ముందున్నామనుకునే దేశాల పరిస్థితి అది. వాటికి దశాబ్దాల ముందు బేగంపేటలో ఒక స్త్రీ యూనిఫారం వేసుకుని డాకోటా ఎక్కి డ్యూటీ చేశారు.

అప్పటి హైదరాబాదు పరిస్థితులు కూడా మామూలువి కావు. 1947 నవంబరులో యథాతథ ఒడంబడిక, ఆ మరుసటి ఏడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రహస్యంగా ఆయుధాలు దింపడం, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఇవన్నీ మన సభ్యుల తల్లిదండ్రులు కళ్లారా చూసినవే. ఆకాశంలో మోత వినిపిస్తే ఏ విమానమో అని జనం తల ఎత్తి చూసిన రోజులవి. ఆ గందరగోళం దాటుకుని డెక్కన్ ఎయిర్‌వేస్ నిలబడింది. మద్రాసుకు, బెంగుళూరుకు, నాగపూర్ మీదుగా ఢిల్లీకి దాని విమానాలు తిరిగాయి.

కుడి చేతి సీటు

విమానం ముందు గదిలో రెండు సీట్లుంటాయి. ఎడమ సీటు కెప్టెన్‌ది. కుడి సీటు కో-పైలట్‌ది. ఇద్దరికీ దాదాపు ఒకే చదువు, ఇద్దరి ముందూ అవే పరికరాలు. కెప్టెన్ చెప్పినప్పుడు చక్రాలు ఎత్తడం, దించడం, రెక్కల పలకలు సరిచేయడం, రేడియోలో మాట్లాడడం, లెక్కలు చూడడం కో-పైలట్ పని. కెప్టెన్ అనుమతిస్తే తానూ నడపవచ్చు. నిర్ణయం మాత్రం ఎడమ సీటుదే. మబ్బులోకి పోవాలా, వెనక్కి తిప్పాలా, దిగాలా, ఇంకో చక్కరు కొట్టాలా అన్నది ఆ సీటులో ఉన్నవారే చెప్పాలి. అదే 'కమాండ్'. కో-పైలట్‌గా నిర్ణీత గంటలు ఎగిరిన తరువాత కమాండ్ ఇవ్వడం ఆ వృత్తిలో ఉన్న ప్రమోషన్.

ప్రేమ్ మాథుర్ ఆ కుడి సీటులో కూర్చుని పెద్ద పెద్దవాళ్లను ఎక్కించుకుని తిరిగారు. ఇందిరాగాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటన్ వంటివారు ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణం చేశారని ఆమె గురించి రాసినవారు చెబుతారు. భయపడి ఎక్కరనుకున్న ప్రయాణికులు ఎక్కారు, దిగారు, వెళ్లారు. 1949లో జాతీయ వైమానిక పందెంలో పాల్గొని ఆమె గెలిచారు కూడా. సాటి పైలట్లతో పోటీపడి, ఒంటి చేత్తో విమానం నడిపి నెగ్గిన మనిషి ఆమె.

కావలసిన గంటలు పూర్తయ్యాక ఆమె కమాండ్ అడిగారు. కంపెనీ ఇవ్వలేదు. కారణం మళ్లీ ఆ పాతదే. స్త్రీ కో-పైలట్‌గా ఉంటే పక్కన మగ కెప్టెన్ ఉన్నాడన్న ధైర్యం ప్రయాణికులకు ఉంటుందట. ఆమే కెప్టెన్ అయితే గాభరా పడతారట. మొదట ఉద్యోగమివ్వడానికి అడ్డు పెట్టిన మాటనే, పక్కకు పెట్టేసి ఉద్యోగమిచ్చిన కంపెనీయే, ప్రమోషన్ దగ్గర మళ్లీ బయటికి తీసింది. నా దృష్టిలో ఎనిమిది కంపెనీల తిరస్కారంకంటే ఈ ఒక్కటి బరువైనది. అక్కడ వారికి ఆమె పని తెలియదు. ఇక్కడ తెలిసి, చూసి, లాగ్ బుక్కులో సంతకాలు పెట్టి కూడా కాదన్నారు.

డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై, అర్హత సర్వీసు పూర్తయి, సీనియారిటీ లిస్టులో పేరుండి కూడా అలాగే రిటైరైన వాళ్లు మన సంఘంలో ఎంతమంది లేరు? ఆడవాళ్ల విషయంలో ఇది మరో రకంగా, నోటిమాటగా జరిగేది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఫీల్డు పోస్టుకు ఒక మహిళా ఉద్యోగి అన్నివిధాలా అర్హురాలు. 'క్యాంపులకు పోవాలి కదమ్మా, రాత్రిళ్లు జీపులో ఎలా తిరుగుతావు, పిల్లలున్నారు కదా' అని పెద్దరికంగా నచ్చచెప్పి ఆమె చేత రిలింక్విష్‌మెంట్ రాయించుకున్నారు. కాగితం మీద చూస్తే ఆమె తనంతట తానే వదులుకుంది. కింద ఉన్నవాడికి ఆ పోస్టు వచ్చింది. ఆమె పెన్షన్ లెక్క కట్టినప్పుడు ఆ ఒక్క కాగితం ఖరీదు ఎంతో నెలనెలా తెలిసింది. ప్రేమ్ మాథుర్ అలా రాసి ఇవ్వలేదు. కమాండ్ ఇవ్వని ఉద్యోగం నాకు వద్దని బేగంపేట విడిచి ఢిల్లీ వెళ్లిపోయారు.

ఢిల్లీలో పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా తన సొంత విమానానికి ఆమెను పైలట్‌గా పెట్టుకున్నారు. దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకరు తన ప్రాణం ఆమె చేతిలో పెట్టడానికి వెనుకాడలేదన్న మాట. ఒక కంపెనీ తన ప్రయాణికుల తరఫున పడిన భయం ఎంత ఉత్తదో ఇంతకంటే ఏం కావాలి!

1953లో పార్లమెంటు చేసిన ఎయిర్ కార్పొరేషన్ల చట్టంతో విమాన కంపెనీలు జాతీయమయ్యాయి. దేశీయ సర్వీసులు నడుపుతున్న ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో ఒకటి. బేగంపేటలో బోర్డు మారింది, విమానాల మీద రంగు మారింది, సిబ్బంది కొత్త సంస్థలోకి వచ్చారు. ఆ ఏడాదే ప్రేమ్ మాథుర్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి మిగిలిన సర్వీసు అక్కడే గడిపారు. విడిచిపెట్టి వచ్చిన కంపెనీ, తాను చేరిన సంస్థ రెండూ ఒకటైపోవడం చూస్తే విచిత్రంగానే అనిపిస్తుంది.

ఆమె తరువాత

ప్రేమ్ మాథుర్ తరువాత వరుసగా స్త్రీలు వచ్చి చేరి ఉంటారని అనుకుంటాం. అలా జరగలేదు. ఈ రంగంలో మనం తరచు వినే తరువాతి పేరు దుర్బా బెనర్జీది. ఆమె ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరింది 1966లో. ఆమె పైలట్ ఉద్యోగం అడిగితే, ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఇస్తామన్నారని, అది వద్దని ఆమె పట్టుబట్టారని చెబుతారు. 1988లో రిటైరయ్యేనాటికి 18 వేల గంటలకు పైగా ఎగిరారు. కొన్ని పుస్తకాల్లో 'దేశపు తొలి మహిళా ఎయిర్‌లైన్ పైలట్' అని ఈమె పేరే కనిపిస్తుంది. క్విజ్ పోటీలకు వెళ్లే మనవలు, మనవరాళ్లు ఈ రెండు పేర్ల దగ్గర తడబడుతుంటారు. 'మొదటి' అన్న మాటకు ఏది కొలత అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. విమాన కంపెనీలో మొదట నియామకం పొందినవారు ఎవరంటే ప్రేమ్ మాథుర్. జాతీయ సంస్థలో పూర్తి హోదాతో దీర్ఘకాలం సాగిన వృత్తి ఎవరిదంటే దుర్బా బెనర్జీ.

ఆ రోజుల్లో విమానాల్లో పనిచేసే మిగిలిన స్త్రీల సర్వీసు రూల్సు ఎలా ఉండేవో తెలిస్తే ప్రేమ్ మాథుర్‌కు ఎదురైనది ఒంటరి ఘటన కాదని అర్థమవుతుంది. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకు రిటైర్ కావాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే అప్పుడే పోవాలి. మొదటిసారి గర్భం వస్తే అప్పుడే పోవాలి. నర్గీస్ మీర్జా అనే ఉద్యోగిని, ఆమె సహచరులు సుప్రీంకోర్టు దాకా వెళితే 1981లో కోర్టు గర్భం నిబంధనను కొట్టివేసింది, పెళ్లి నిబంధనను మాత్రం ఉంచింది. 58కి పదవీ విరమణ అంటేనే తొందరగా ఇంటికి పంపారని బాధపడ్డ మనం 35 ఏళ్ల సంగతి ఆలోచించాలి. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి.ముత్తమ్మ ప్రమోషన్ కోసం కోర్టుకెక్కితే, 1979లో కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చేసింది. కేసు కొట్టివేస్తూనే జస్టిస్ కృష్ణయ్యర్ ఆ శాఖలోని వివక్ష రూల్సును గట్టిగా తప్పుపట్టారు.

మన రాష్ట్రం మాటకు వస్తే, 1984లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీసు రూల్సులో 22-ఎ చేర్చి నియామకాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయించింది. దాని మీద వివాదం నడిచి 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పుడు మన సెక్షన్లలో జరిగిన చర్చలు, విసుర్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ కోటాలో వచ్చి మన పక్క సీట్లలో కూర్చున్న ఆ అమ్మాయిలలో కొందరు కూడా ఇప్పుడు రిటైరై మన సంఘంలో సభ్యులయ్యారు.

ఆకాశంలో మార్పు 1980ల నుంచి వేగం అందుకుంది. 1985లో కలకత్తా నుంచి సిల్చార్‌కు వెళ్లిన ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానంలో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, కో-పైలట్ నివేదితా భాసిన్. సిబ్బంది మొత్తం స్త్రీలే. ప్రేమ్ మాథుర్‌కు దక్కని ఎడమ సీటులో ఒక స్త్రీ, కుడి సీటులో మరొక స్త్రీ. నివేదితా భాసిన్ 1990లో 26 ఏళ్ల వయసుకే జెట్ విమానానికి కెప్టెన్ అయ్యారు.

తెలుగు నేల వైపు చూస్తే, విజయవాడలో చదువుకున్న అనీ దివ్య పదిహేడేళ్ల వయసులో రాయబరేలీ దగ్గరి శిక్షణ సంస్థలో చేరారు. ఇంగ్లీషు సరిగా రాక తోటివాళ్లు ఎగతాళి చేశారని ఆమే చెప్పుకున్నారు. పంతొమ్మిదో ఏట ఎయిర్ ఇండియాలో చేరి, 2017లో ముప్ఫై ఏళ్లకు బోయింగ్ 777 అనే భారీ విమానానికి కమాండర్ అయ్యారు. ఆ విమానానికి కమాండ్ పొందిన స్త్రీలలో అప్పటికి ఆమే అందరికంటే చిన్నది. మన పాతబస్తీ నుంచి, బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా మన నగరంలోని ఏవియేషన్ అకాడమీలో నేర్చుకుని పైలట్ అయ్యారు. ఇక 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు ఆగకుండా వచ్చిన ఎయిర్ ఇండియా విమానాన్ని నలుగురు స్త్రీలే నడిపారు. జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ నలుగురిలో పాపగారి తన్మయి అనే తెలుగు పేరు చూసి టీవీ ముందు నేను చప్పట్లు కొట్టాను, మా ఆవిడ ఏమైందోనని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

2022లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం మన దేశపు పైలట్లలో సుమారు 15 శాతం స్త్రీలు. ప్రపంచ సగటు 5 శాతం దగ్గర ఉంది. ఈ ఒక్క రంగంలో మన దేశం మిగిలిన ప్రపంచానికి మూడు రెట్లు ముందు నడుస్తోంది. ప్రయాణికులు భయపడి ఎక్కడం మానేశారని మాత్రం ఎక్కడా వినలేదు. విమానం ఆలస్యమైందనీ, సామాను రాలేదనీ దెబ్బలాడుకుంటున్నారు గాని, తలుపు వెనుక కూర్చున్నది ఆడో మగో ఎవరికీ పట్టడం లేదు.

కంపెనీ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. డెక్కన్ ఎయిర్‌వేస్‌ను కలుపుకున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ తరువాత ఎయిర్ ఇండియాలో కలిసింది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. 1945లో నిజాం ప్రభుత్వంతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిన ఇంటికే, చుట్టూ తిరిగి, ఆ ఆస్తి చేరింది. బేగంపేట విమానాశ్రయంలో ప్రయాణికుల సర్వీసులు 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కావడంతో ఆగిపోయాయి. ప్రముఖుల విమానాలు, శిక్షణ విమానాలు తరువాత కూడా దిగుతూనే ఉన్నాయి. 2022లో, 2024లో 'వింగ్స్ ఇండియా' ప్రదర్శన అక్కడే జరిగింది. అటువంటి ప్రదర్శన మళ్లీ జరిగినప్పుడు మనవలు, మనవరాళ్లను తీసుకుని వెళ్లదలచినవారికి దారి సులువే. ఎల్.బి.నగర్‌లో గాని, దిల్‌సుఖ్‌నగర్‌లో గాని మియాపూర్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, నాగోలు వైపు వెళ్లే రైలు పట్టుకుంటే తరువాతి స్టేషను బేగంపేటే. అమీర్‌పేటలో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవారు లిఫ్టు ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

చివరగా సభ్యులకు ఒక మనవి. నిజాం రైల్వే కుటుంబాలు, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేసిన వారి కుటుంబాలు మలక్‌పేట, సరూర్‌నగర్, కొత్తపేట ప్రాంతాల్లో ఉన్నాయి. మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో డెక్కన్ ఎయిర్‌వేస్ టికెట్టు ముక్క గాని, టైంటేబులు గాని, బేగంపేటలో డాకోటా ముందు నిలబడి తీయించుకున్న ఫొటో గాని ఉంటే దయచేసి పారవేయకండి. సంఘం కార్యాలయానికి తీసుకువస్తే నకలు తీసుకుని అసలును అప్పటికప్పుడే తిరిగి ఇస్తారు. ఫొటోలో ఉన్నవారి పేర్లు, సంవత్సరం ఇంట్లో పెద్దవారిని అడిగి వెనుక పెన్సిలుతో రాసి తేగలరు.